యంత్రనిగ్రహము - ఆత్మనిగ్రహము

మనుష్యుడు తన కోరికలను లోబఱచుకొనుటకు అనాదినుండి రెండు మార్గములను త్రొక్కుచున్నాడు. కోరికనే తగ్గించుకొనుట మొదటి మార్గము. కోరికను తీర్చెడి సాధనమును చక్కబఱచుకొనుట రెండవ మార్గము. మొదటిది కష్టసాధ్యము, రెండవది వినోదకరము. అందుచేత మొదటి మార్గమున బయలుదేరినవారిలో పెక్కండ్రు నడుమ రెండవదానియొద్ద విడిదిచేసి, అదియే గమ్యస్థానమని తలచి, అచ్చటనే కాపురముండుట లోకమున తఱచు చూచుచున్నాము. కాఫీ తగ్గింపనెంచిన గృహస్థుడు పెద్ద గ్లాసు మాని చిన్న గ్లాసు తెప్పించును. చిన్న గ్లాసు ముచ్చటగా నుండుటచే దినమునకు రెండుమాఱులు త్రాగువాడు అయిదుమాఱులు త్రాగును. అడిగినచో "గ్లాసు చిన్నదే గదా!" యని సమాధానము చెప్పును. ఆ సమాధానమున అసత్యము లేదు. గ్లాసు నిజముగా చిన్నదే.

ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న యీ జాతిలోనిదే. ఎలక్ట్రానిక్ సిగరెట్టునకు అలవాటుపడిన పాశ్చాత్యులలో కొందఱు, అంగడిలో దొరకు పరికరముతో తృప్తిపడక, అందు ప్రవహించు విద్యుత్తును తామే యింటియొద్ద కూర్చుకొన్న సాధనములతో అదుపులో నుంచుట యొక కళగా నభ్యసించిరి. ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు, ఎంత వేడిమి యనునది వారు లెక్కగట్టి చెప్పగలరు. ఇంత కచ్చితముగా తన వ్యసనమును కొలుచుకొనగలిగినవాడు దానికి యజమాను డయ్యెనని చెప్పవచ్చునా? లేక యతడు మిక్కిలి నేర్పుగల సేవకుడు మాత్రమేనా? ఇది విదేశములవారి వేడుకయని త్రోసివేయుటకు వీలులేదు. మన పిల్లలు ఆ దేశములలో చదువుకొనుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. మన దేశములోనో యీ వస్తువుపై చట్టమే పుట్టినది. కావున గృహస్థులు దీనిని తెలిసి మాటలాడుట మంచిది.

ముందుగా వస్తువేమో చూతము. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ అనునతడు, పొగాకును కాల్చకుండ వెచ్చని తేమగాలిని పీల్చుకొను సిగరెట్టు నొకదానిని కల్పించి 1963లో పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. 1965లో పేటెంటు దొరకెను గాని ఆ వస్తువు జనులలో వ్యాపింపలేదు. సుమారు నలువది యేండ్లకు, 2003లో, చైనా దేశపు ఔషధశాస్త్రజ్ఞుడైన హాన్ లిక్ నేటి ఎలక్ట్రానిక్ సిగరెట్టునకు మూలమైన దానిని నిర్మించెను. అతడు తానును సిగరెట్లకు లోబడినవాడు. అతని తండ్రి పొగత్రాగి ఊపిరితిత్తుల క్యాన్సరుచే మృతినొందినవాడు. ఈ పరికరము యొక్క పుట్టుకలో దుఃఖము కలదను మాట మనము మఱువరాదు.

దీని నిర్మాణము సులభమైనది. ఒక గొట్టములో చిన్న లిథియం బ్యాటరీ యుండును. దాని కొనను సన్నని తీగ చుట్టచుట్టి, ఆ చుట్టను తాకునట్లు దీపమునందువలె నొక ఒత్తి నమర్తురు. ఒత్తి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ అను ద్రవములలో నానియుండును. అందే నికొటినును, పరిమళద్రవ్యములును కలిసియుండును. విద్యుత్తు పాఱగా తీగ వేడెక్కును, ద్రవము ఆవిరియగును, ఆ యావిరిని పీల్తురు. నిప్పు లేదు, బూడిద లేదు, పొగాకు కాలుటచే పుట్టు తారు లేదు. మన తాతలనాటి పొగచుట్ట పోయి తీగచుట్ట వచ్చినదని చెప్పవచ్చును.

ఇక వోల్టేజి మాట. మన యిండ్లలో రిఫ్రిజిరేటరునకు ముందు స్టెబిలైజరు నెందుకు పెట్టుదుము? వీధినుండి వచ్చు విద్యుత్తు ఒకప్పుడు హెచ్చుగను ఒకప్పుడు తగ్గుగను ఉండుటచే యంత్రము చెడకుండుటకు. ఈ చిన్న గొట్టమునకును అట్టి చిక్కే కలదు. లిథియం బ్యాటరీ నిండుగా నున్నప్పుడు 4.2 వోల్టులు చూపును. వాడగా వాడగా 3.3 వోల్టుల దరికి దిగును. వేడిమి వోల్టేజి యొక్క వర్గము ననుసరించి మాఱుట ప్రకృతి నియమము. తీగచుట్ట యొక్క నిరోధము 2.5 ఓములైనచో, ఉదయమున 7 వాట్లిచ్చిన పరికరము సాయంకాలమునకు 4 వాట్లకు కొంచెము మించి మాత్రమే యిచ్చును. ఆవిరి పలుచబడును, రుచి చప్పబడును. ఇరువదియేండ్లు సిగరెట్లు కాల్చి మానవలెనని ప్రయత్నించువానికి ఆ చప్పదనము సహింపరానిదై, అతడు మరల సిగరెట్టుపెట్టెకే చేయి చాచును.

ఈ లోపమును సవరించుటకై సుమారు 2008 మొదలుకొని ఇంగ్లండు, అమెరికా దేశములలోని కొందఱు సామాన్యులు తమ యిండ్లలోనే పూనుకొనిరి. చేతిదీపముల గొట్టములను, చిన్నచిన్న డబ్బాలను తీసికొని, అందు పెద్ద బ్యాటరీల నమర్చి, వోల్టేజి నొక్కతీరున నుంచెడి చిప్పులను టంకముతో నతికించిరి. మొదట వాడినది రేడియోలు బాగుచేయువారందఱు నెఱిగిన 7805 అను అయిదు వోల్టుల రెగ్యులేటరు. రెండు బ్యాటరీలను వరుసగా కలిపిన 8.4 వోల్టులగును, రెగ్యులేటరు అందులో అయిదింటిని తీగకిచ్చి మిగిలిన 3.4 వోల్టులను తానే వేడిరూపమున వ్యయము చేయును. నిరోధము 3.5 ఓములైనప్పుడు ఆవిరికి 7 వాట్లు చేరగా, దాదాపు 5 వాట్లు చేతిలోని డబ్బాను వేడిచేయుటకే చెల్లిపోవును. పాతకాలపు పంకా రెగ్యులేటరు గోడమీద కాలుచుండుట చూచినవారి కిది వెంటనే బోధపడును. పిమ్మట 1976 నుండి ప్రసిద్ధమైయున్న ఎల్.ఎం. 317 అను దానిని తెచ్చి, రెండు నిరోధములలో నొకదానిని త్రిప్పుడుబిళ్లగా మార్చి, కావలసిన వోల్టేజిని తామే నిర్ణయించుకొనిరి. ఆమీద, విద్యుత్తును క్షణమునకు లక్షలమాఱులు తెఱచుచు మూయుచు సరాసరిని సరిచేయు చిన్న పలకలు వచ్చెను. మురాటా కంపెనీవారు వేఱుపనులకై చేసిన పది ఆంపియర్ల పలక యొకటి యీ పెట్టెలలో మిక్కిలిగా వాడబడెను. దానియందు వృథా తక్కువ, వేడి తక్కువ.

ఈ పనిని మనము తేలికగా చూడరాదు. ఇందు మూడు గుణములు కలవు. మొదటిది, తాను పీల్చుచున్నదేమో తెలిసికొనవలెనను కోరిక. సిగరెట్టు కాల్చువాడు దాని కొనయందలి వేడిమి నెన్నడైన కొలిచెనా? ఈ పెట్టె చేసికొన్నవాడు కొలిచెను. రెండవది, అమ్మినవాడిచ్చినదే పరమావధి యనుకొనక తన చేతిని, తన బుద్ధిని ఉపయోగించుట. మూడవది, నేర్చినదానిని వెల గోరక తోటివారికి చెప్పుట. తెలియనిదానిని తెలిసికొనుమని, పరాధీనుడవు కావలదని, నేర్చినది దాచవలదని సంఘసంస్కర్తలు నూఱేండ్లుగా మనకు బోధించినది యిదియే గదా! అట్టి గుణములు మన మొల్లని వస్తువునందు కనబడినంతమాత్రమున వానిని గుణములు కావనుట న్యాయము కాదు.

అయినను ప్రశ్న నిలిచియేయున్నది. యంత్రమును నిగ్రహించినవాడు తన్ను నిగ్రహించుకొనెనా?

ఆ సాధనము చేయుచున్న పనిని జాగ్రత్తగా పరిశీలింపుడు. రెగ్యులేటరు లేని పరికరము ప్రొద్దుగూకునాటికి బలహీనపడును. ఆ బలహీనత లోపమే. కాని యా లోపములో నొక మేలును కలదు. చప్పబడినదానిని మనుష్యుడు ప్రక్కకు పెట్టును. సాధనము యొక్క అలసట కోరికకు గూడ కొంత విరామము నిచ్చును. రెగ్యులేటరు ఈ యలసటను తీసివేసినది. బ్యాటరీలో తుదిబొట్టు వఱకు మొదటి పీల్పు ఎట్లుండెనో కడపటి పీల్పును అట్లేయుండును. అనగా నది నియమించినది విద్యుత్తును. ఆ నియమముచే కోరికకు నిత్యయౌవన మొసగినది. యయాతి కథ మన పిల్లలుకూడ నెఱుగుదురు. ముదిమి తన్ను భోగములనుండి మరలింపబోగా, అతడు కొమారుడైన పూరునియొద్ద యౌవనమును ఎరువుగొని వేయేండ్లు భోగించెను. అతనికి కావలసిన వస్తువు దొరకెను, అదియు తఱుగక దొరకెను. కాని తృప్తి దొరకలేదు. తుదకు యౌవనమును తిరిగి యిచ్చివేసిననాడే అతనికి శాంతి లభించెను. యౌవనము నిలుకడగా నుండుట వేఱు, మనస్సు నిలుకడగా నుండుట వేఱు.

మఱియొక సంగతి. చుట్టగాని బీడిగాని సిగరెట్టుగాని కాలికాలి యొకచోట ముగియును. మరల వెలిగించుటకు మరల సంకల్పింపవలెను. ఆ సంకల్పము దుర్బలమైనదే యైనను సంకల్పమే. ఈ పరికరమునకు ముగింపు లేదు. చేతిలో నున్నంతసేపు ఇంకొక్క పీల్పు సిద్ధముగా నుండును. ముగింపులేని వస్తువునకు ముగింపును మనుష్యుడే కల్పింపవలెను. దానిని త్రిప్పుడుబిళ్ల కల్పింపలేదు.

అంతియేకాదు, ఆ బిళ్ల రెండువైపులకును తిరుగును. 3.7 వోల్టులనుండి 5 వోల్టులకు పెంచినచో వోల్టేజి మూడవవంతు మాత్రమే హెచ్చినట్లుండును. కాని వాట్లు ఐదున్నరనుండి పదికి హెచ్చును. ఏడెనిమిది వాట్ల నిలుకడకొఱకు మొదలైన ప్రయత్నము కొన్నియేండ్లలోనే నూఱు వాట్లను మించిన పెట్టెలకును, ఎవరు దట్టమైన మేఘమును వదలగలరో చూతమను పందెములకును దారితీసెను. సిగరెట్టు మానుటకై పుట్టిన సాధనము సిగరెట్టు నెన్నడు ముట్టనివానికి వేడుకయైనది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో గిరీశము పొగాకునకు పురాణసంబంధమైన పుట్టుక నొకదానిని కల్పించి పద్యము చదివి, తన చుట్టకు గౌరవము తెచ్చికొనును. ఆనాడు గౌరవ మియ్యగలిగినది పురాణము, నేడు గౌరవ మియ్యగలిగినది శాస్త్రము. కావున నేటి గిరీశము పద్యమునకు మాఱుగా ఓము నియమమును చదువును. లెక్క సరియైనదే కావచ్చును; లెక్క సరిపోవుటచే అలవాటు సరియైనది కాదు.

ఇంతవఱకు చదివినవారు, "అట్లయిన నీ పెట్టె చేసికొన్నవాడు నిందార్హుడే" యని తీర్మానింపవచ్చును. ఆ తీర్మానము తొందరపాటు. సిగరెట్టును పూర్తిగా విడిచి దీనిని పట్టినవాడు పెద్దకీడునుండి చిన్నకీడునకు వచ్చినాడని చెప్పుటకు ఆధారములు కలవు. ఇంగ్లండులోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ అను వైద్యసంఘము 2016లో ప్రకటించిన నివేదికలో, దీర్ఘకాలమున దీనివలన కలుగు హాని పొగత్రాగుటవలన కలుగు హానిలో నూటికి అయిదుపాళ్లను మించకపోవచ్చునని యభిప్రాయపడెను. ఆ సంఖ్యను అంగీకరింపని పండితులును కలరు. అయినను, సిగరెట్లు మాన్పించుటలో నికొటిన్ బిళ్లలకన్న, పట్టీలకన్న నివి యెక్కువ తోడ్పడుచున్నవని కాక్రేన్ సంస్థవారి పరిశోధనసమీక్షలు గట్టిగా చెప్పుచున్నవి. బావిలో పడినవాడు ఒక మెట్టు పైకెక్కినప్పుడు, ఇంకను బావిలోనే యున్నాడని యెగతాళి చేయుట మనుష్యధర్మము కాదు. అతడు మెట్టునే మంచముగా చేసికొని పరుండినయెడల లేపుట మాత్రము స్నేహధర్మము.

వోల్టేజికిని ఆరోగ్యమునకును గల సంబంధమును గూర్చి 2015లో నొక గొప్ప వివాదము జరిగెను. అమెరికాలోని పోర్ట్‌లండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక వైద్యపత్రికలో వ్రాయుచు, ఒకే పరికరమును 3.3 వోల్టుల వద్ద నడిపినప్పుడు ఫార్మాల్డిహైడు సంబంధమైన విషపదార్థములు కనబడలేదనియు, 5 వోల్టుల వద్ద నవి కనబడెననియు తెలిపిరి. గ్రీసు దేశపు హృద్రోగవైద్యుడు ఫార్సలినోస్ మొదలైనవారు దీనికి బదులు చెప్పిరి. ఆ చుట్టకు అంత వోల్టేజి నిచ్చినప్పుడు ఒత్తి యెండి మాడును; మాడిన యావిరి గొంతునకు సహింపరానంత ఘాటుగా నుండును; యంత్రము పీల్చునుగాని మనుష్యుడు పీల్చలేడు అని వారి వాదము. ఇరుపక్షములను కలిపి చూచినచో మనకు దొరకు నీతి యొకటి కలదు. దేహమే యొక రెగ్యులేటరు. మాడినదానిని నాలుక తిరస్కరించును, అతిగా పీల్చినచో తల తిరుగును. అయితే ఆ దేహసాక్షిని పరిమళములతో నోరుమూయించుటకు మనుష్యుడు నేర్చియున్నాడు. కొలతలు తెలిసినవాని బాధ్యత యిచ్చట హెచ్చుచున్నది. ఏ గీత దాటిన కీడు కలుగునో తెలియనివాడు దాటుట యజ్ఞానము. తెలిసినవాడు దాటుట అపరాధము.

ఇక పరులయెడ ధర్మము. జాన్ స్టూవర్టు మిల్లు 1859లో ప్రకటించిన స్వాతంత్ర్యగ్రంథమున, ఇతరులకు హాని కలుగనంతవఱకు మనుష్యుని అతని మేలుకొఱకే యైనను నిర్బంధింపరాదని వాదించెను. కాని యా మిల్లే, తన్ను తాను దాసునిగా నమ్ముకొను స్వాతంత్ర్యము స్వాతంత్ర్యము కాదనియు చెప్పెను. విషద్రవ్యముల నమ్మునప్పుడు వాని స్వభావమును పైన వ్రాయింపవచ్చుననియు, కొనువాడు దానిని తెలిసికొనవలదని కోరునా యనియు ప్రశ్నించెను. ఈ రెండుమాటలును మన విషయమునకు సరిగా తగులుచున్నవి. నికొటిన్ దాస్యమును కలిగించునది. ఇంటిలో చేసిన పెట్టెయో, ప్రక్కవానికి హాని చేయగలది.

లిథియం బ్యాటరీ చిన్నదైనను అందు నిలువచేసిన శక్తి చిన్నది కాదు. తీగలు ఒకదానికొకటి తగిలి విద్యుత్తు అడ్డులేక పాఱినచో బ్యాటరీ తనలోని వేడిచేతనే మఱింత వేడెక్కి, మంటగ్రక్కి ప్రేలును. 2018లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమునను, 2019లో టెక్సాసు రాష్ట్రమునను ఇట్టి పరికరములు ప్రేలి ఒక్కొక్కరు మరణించిరి. వోల్టేజిని, ఆంపియర్లను అదుపుచేయు ఏర్పాటు, ఫ్యూజు మొదలైన రక్షణలు లేక, బ్యాటరీని నేరుగా తీగకు కలుపు గొట్టములలో నీ యపాయము మిక్కుటము. కావున మంచి రెగ్యులేటరు రుచికొఱకే కాదు, ప్రాణరక్షకును కావలసినది. తనకొఱకు తాను చేసికొన్నవాడు తన ముఖమును పణముగా పెట్టుచున్నాడు. అదే పెట్టెను స్నేహితునికి కానుకగా నిచ్చినవాడు స్నేహితుని ముఖమును పణముగా పెట్టుచున్నాడు. వెలకు అమ్మినవాడు, తాను చూడనివాని ముఖమును పెట్టుచున్నాడు. చేసిన వస్తువొక్కటే, ధర్మము మాత్రము మూడుచోట్ల మూడువిధములుగా బరువెక్కుచున్నది. కుమ్మరి చేసిన కుండ పగిలిన నీరు పోవును. ఇది పగిలిన ప్రాణము పోవును. ఇంటిలో పసిపిల్లలున్నచో మాట మఱింత గంభీరము. పండ్లవాసన గొట్టుచు మిఠాయి రసమువలె కనబడు నికొటిన్ ద్రవము పసివారికి ప్రాణాంతకమగు విషము. అమెరికావారు 2016లో, పిల్లలు తెఱవలేని మూతలనే యా సీసాలకు పెట్టవలెనని చట్టము చేయవలసివచ్చెను.

ఇంటివారు ఇట్లు పెట్టెలు చేసికొనుచుండగా, కార్ఖానాలవారు ఊరకుండలేదు. వారీ రెగ్యులేటరును గ్రహించి, చిన్నదిచేసి, మూసిన తొడుగులో దాచిరి. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ అను పరికరమునకు త్రిప్పుడుబిళ్ల లేదు, మీట లేదు. పీల్చినచో చాలును, వేడిమిని లోపలి యంత్రమే సరిచూచుకొనును. నికొటిన్ మాత్రము బలమైన పాళ్లలో, గొంతును మండింపని రూపమున చేర్పబడెను. ఆ తరువాత బ్యాటరీతో సహా పాఱవేయదగినవియు వచ్చెను. ఫలితమేమి? 2019లో జరిగిన ప్రభుత్వపు విచారణలో అమెరికా ఉన్నతపాఠశాలల విద్యార్థులలో నూటికి 27.5 మంది తాము ఎలక్ట్రానిక్ సిగరెట్టును వాడుచున్నట్లు చెప్పిరి. 2022లో జూల్ సంస్థ ముప్పదికిపైగా రాష్ట్రములతో రాజీపడి 43 కోట్ల డాలర్లకుపైగా చెల్లించుట కొప్పుకొనెను. 2024 నాటికి విద్యార్థుల సంఖ్య నూటికి ఎనిమిదికి లోపునకు దిగినది. అయినను ఆ నడుమ అలవాటుపడినవారి మాట యేమి?

పాత పెట్టెను, ఈ క్రొత్త గొట్టమును ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. పెట్టెవాడు వ్యసనమునకు బద్ధుడే. కాని తన సంకెల పొడవెంతో, బరువెంతో యెఱిగినవాడు. క్రొత్త గొట్టము పట్టిన బాలునికి సంకెల కలదని కూడ తెలియదు. మొదటివాని చేతిలో నున్న బిళ్లను క్రిందికి త్రిప్పుటకు వీలుండెను. కొందఱు నికొటిన్ పాలును నెలనెల తగ్గించుకొనుచు సున్నకు వచ్చి, పిమ్మట పెట్టెనే మానిరి. రెండవవాని చేతిలో బిళ్లయే లేదు. కాబట్టి యంత్రనిగ్రహము ఆత్మనిగ్రహము కాకపోయినను, దానికి త్రోవలోని మెట్టు కాగలదని యొప్పుకొనవలెను. తెలిసికొనుట విడుదల కాదు. తెలియక విడుదల లేదు.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. భారతప్రభుత్వము 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగను, అదే సంవత్సరము డిసెంబరులో చట్టముగను ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఉత్పత్తిని, తయారీని, దిగుమతిని, అమ్మకమును, నిలువను, ప్రకటనను నిషేధించెను. భాగములను కూర్చుటయు తయారీక్రిందికే వచ్చును. మొదటి తప్పునకు ఏడాది వఱకు చెఱసాలగాని, లక్షరూపాయల వఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. కావున మన యింటి యువకుడు ఈ పెట్టెను సరదాకై చేయబూనినచో, అది న్యాయవిరుద్ధమని పెద్దలు స్పష్టముగా చెప్పవలెను. యువజనులు కొత్త వ్యసనమున చిక్కకుండుటకై చేసిన యీ చట్టము యొక్క ఉద్దేశము మంచిదే.

కాని చట్టమొకటి చేసి చేతులు కడుగుకొనుట సంస్కారము కాదు. ఆవిరిపెట్టెను నిషేధించిన వీధిలోనే సిగరెట్టు, బీడి, చుట్ట, గుట్కావంటివి యెన్ని చేతులు మాఱుచున్నవో మన మెఱుగమా? మన శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో స్త్రీలు చుట్టను వెలిగించి, నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు కలదు. దానిని అడ్డపొగ యందురు. గాలికి నిప్పాఱకుండుటకును, చుట్ట నిదానముగా కాలుటకును అట్లు చేయుదుమని చెప్పుదురు. చదువరులారా, ఇదియు నింటిలో పుట్టిన యొక రెగ్యులేటరే గదా! నిప్పును నిలుకడగా నుంచుటకు పేదరాలు తన నోటినే గొట్టముగా చేసికొన్నది. ఆ నిలుకడకు ఆమె యిచ్చిన వెల యంగిటి వ్రణములును, క్యాన్సరును. 1971లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 10,169 మంది ఆంధ్రగ్రామీణులను పరీక్షించి వైద్యులీ సంబంధమును విశదపఱచిరి. ఆమెకొఱకు మనము చేసినదేమి? విదేశపు పెట్టెను చూచి ముక్కుమీద వ్రేలువేసికొను మనము, మన పెరటిలోని యడ్డపొగను ఆచారమని వదలివేసితిమి. అపరిచితమైన దోషము పెద్దదిగను, పరిచితమైన దోషము చిన్నదిగను కనబడుట మన కంటి దోషము.

నిషేధమునకు వేఱొక చిక్కును కలదు. నిషిద్ధవస్తువు చీకటిలోనికి పోవును. చీకటిలో కల్తీ కలియును. 2019 మొదలుకొని 2020 ఫిబ్రవరి వఱకు అమెరికాలో ఆవిరిపెట్టెలు పీల్చిన 2,807 మంది ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రుల పాలగుటయో మరణించుటయో జరిగెను; వారిలో మరణించినవారు 68 మంది. విచారింపగా, పెక్కింటికి కారణము గంజాయిసారపు ద్రవములలో దొంగచాటుగా కలిపిన విటమిన్-ఇ ఎసిటేటు అని తేలెను. రహస్యముగా కొన్నవానికి సీసాలో నేమున్నదో చెప్పువాడెవడు? కావున చట్టమును పాటింపుడని బోధించు గృహస్థుడు, పొగ మాననెంచినవానికి వెలుతురులో నున్న దారినికూడ చూపవలెను. వైద్యుని సలహా కలదు. మందులషాపులలో న్యాయముగా దొరకు నికొటిన్ చూయింగుగమ్ కలదు. ప్రభుత్వమువారు నడుపు టెలిఫోను సహాయము కలదు. వీనికన్నిటికి ముందు, ఇంటివారు తిట్టక, గేలిచేయక కూర్చుండి వినుట కలదు. తండ్రి తిట్టునను భయముతో మేడమీద పొగత్రాగు కుమారుడు మానునది పొగను కాదు, తండ్రియెదుట పడుటను.

కడపట ప్రశ్నకు సమాధానమును సంగ్రహింతము. ఏ నియమము నిజమైన నియమమో తెలిసికొనుటకు నాలుగు గుఱుతులు చాలును. అది మనుష్యుని తక్కువవైపునకు నడుపుచున్నదా? దానికి ముగింపు కలదా? ఇంటివారియెదుట దాపఱికము లేక చెప్పదగినదా? దాని పణములో పరుల ప్రాణము లేదుగదా? ఈ నాలుగింటికి సరియైన బదులియ్యగలిగిన పెట్టెవాడు గౌరవార్హుడు. ఇయ్యలేనివాడు ఎంత చక్కగా టంకము వేసినను, వ్యసనమునకు మంచి పనివాడు మాత్రమే.

ఈ పరీక్ష పొగకొక్కదానికే చెల్లునని యనుకొనరాదు. చేతిలోని టెలిఫోనునకు గంటల లెక్క చూపు సాధనము కలదు. ఆ లెక్కను దినమును చూచి, చూచితిమను తృప్తితో మరల నా టెలిఫోనునే చూచువారు మన యిండ్లలో లేరా? కొలత నేర్చితిమి, మంచిది. కొలిచిన పిమ్మట చేయవలసిన పని యొకటి మిగిలియున్నది. దానిని చేసిపెట్టు చిప్పు ఏ అంగడిలోను దొరకదు. ప్రతి గృహమునందును పెద్దలు మొదట తమ యలవాట్లపై దీనిని ప్రయోగించి చూచి, ఆ పిమ్మట పిల్లలకు బోధింతురు గాక.